అరవై ఎవరి లెక్కన?

నా తరంలో పల్లెటూరి బడిలో చదివిన ప్రతివాడికీ పుట్టినరోజులు మూడు. అమ్మ చెప్పేది ఒకటి, క్యాలెండరులో ఉన్నది ఒకటి, హెడ్మాష్టారు పెట్టింది ఒకటి. అమ్మ చెప్పినదాని ప్రకారం నేను విశ్వావసు నామ సంవత్సరం ఆశ్వయుజ మాసంలో, దసరా వెళ్ళిన వారానికి పుట్టాను. క్యాలెండరు తిరగేస్తే అది 1965 అక్టోబరు రెండో వారం అవుతుంది. మూడోది జూలై 1. ఒకటో తరగతిలో చేర్చడానికి నాన్న తీసుకెళ్ళినప్పుడు హెడ్మాష్టారు నన్ను ఎగాదిగా చూసి, కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందింది. "ఐదు నిండాయండీ వీడికి" అని తేల్చేసి రిజిస్టర్లో 1-7-1965 అని రాసుకున్నారు. నాకొక్కడికే కాదు, ఆ ఏడు చెవి అందిన ప్రతి కుర్రాడికీ అదే తారీఖు. ఎప్పుడైనా ఎవరైనా ఆ రిజిస్టరు తీసి చూస్తే, జూలై ఒకటిన మా ఊళ్ళో మంత్రసానికి ఊపిరాడి ఉండదనుకుంటారు.

ఆ జూలై 1 మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. అది డాక్టర్ బి.సి. రాయ్ జయంతి కాబట్టి దేశమంతా డాక్టర్ల దినోత్సవం. 2017లో అదే రోజున జీఎస్టీ పుట్టింది. ఆ పొద్దున్న ఫోను తెరిస్తే డాక్టర్లకీ, ఆడిటర్లకీ, మా బ్యాచ్ మొత్తానికీ కలిపి శుభాకాంక్షలు వచ్చి పడుతుంటాయి. అందులో నాకొచ్చింది కేకు బొమ్మో, ఇంజక్షను బొమ్మో ఏరుకోవాలి.

హెడ్మాష్టారి చేతి చలవ ఇంకోటుంది. నెల ఒకటో తేదీన పుట్టినట్టు కాగితం ఉన్న ఉద్యోగి, ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతాడు. రెండో తేదీన పుట్టినవాడు ఆ నెలంతా పనిచేసుకోవచ్చు. అంటే ఆయన రిజిస్టర్లో ఒకటికి బదులు రెండు వేసి ఉంటే మా బ్యాచ్ అందరికీ తలో నెల జీతం వచ్చేది. మాలో బ్యాంకు మేనేజరుగా చేసినవాడు 2025 జూన్ 30న ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచీ ఆ జూలై జీతం ఎంతయ్యేదో పైసలతో సహా చెబుతుంటాడు.

నేను మాత్రం ఇంకా ఆఫీసుకి వెళుతూనే ఉన్నాను. మా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో మా రిటైర్మెంటు వయసు 62 చేసింది. ఉద్యోగుల వయసుతో ప్రభుత్వాలు ఆడిన ఆట చిన్నదేమీ కాదు. 1983లో ఎన్టీఆర్ 58ని 55కి దించారు, తర్వాత మళ్ళీ 58 అయింది, 2014లో 60 అయింది, ఇప్పుడు 62. తెలంగాణలో 61. అంటే ఒకే అరవయ్యేళ్ళ మనిషి 1983లో అయితే అప్పటికే అయిదేళ్ళుగా అరుగు మీద కూర్చుని ఉండాలి, ఇప్పుడైతే బయోమెట్రిక్‌లో వేలు పెట్టాలి.

మరి నేను పెద్దవాడినయ్యానా, కాలేదా? ఇది ఎవరినడిగినా తలో మాట చెబుతారు. బ్యాంకువాళ్ళు అయ్యావంటారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అర శాతం ఎక్కువ వేస్తారు. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో అయ్యాను, కొత్త పద్ధతిలో కాలేదు. తిరుమలలో సీనియర్ల దర్శనానికి వెళితే 65 నిండాలంటారు, అంటే వెంకన్న దగ్గర నేనింకా పసివాణ్ణే. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది రైలు. మగవాడికి 60 నిండితే టికెట్టులో 40 శాతం తగ్గించేవారు. మా నాన్న ఆ తగ్గింపు మీద కాశీ, రామేశ్వరం అన్నీ చుట్టేశాడు. నా వంతు వస్తుందని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటే, నాకు యాభై అయిదు నడుస్తుండగా, 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఎత్తేశారు. కరోనా వెళ్ళింది గానీ తగ్గింపు రాలేదు. ఆర్టీసీ బస్సులో మాత్రం పాతిక శాతం ఉంది. ఆ ముచ్చటా పూర్తిగా తీరలేదు. నాకు అరవై నిండేలోపే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఊరి బస్సులు ఉచితం చేశారు. ఇప్పుడు ఇద్దరం కలిసి బస్సెక్కితే, "అరవయ్యేళ్ళు కష్టపడి పాతిక శాతం సంపాదించారు" అంటుంది మా ఆవిడ, తన సున్నా రూపాయల టికెట్టుని పర్సులో మడత నలగకుండా దాచుకుంటూ.

ఇన్ని లెక్కల్లో షష్టిపూర్తి లెక్క ఒక్కటే నికరమైనది. మన సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై. మనం పుట్టిన పేరుగల సంవత్సరం తిరిగొచ్చేసరికి అరవయ్యేళ్ళు గడుస్తాయి. అరవయ్యే ఎందుకని మా లెక్కల మేష్టార్ని అడిగాను. వీడూ చెవి అందిన బ్యాచే. "గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి ఇంచుమించు పన్నెండేళ్ళు, శనికి ఇంచుమించు ముప్పై. పన్నెండుకీ ముప్పైకీ క.సా.గు. ఎంతరా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ క.సా.గు. అడగలేదు. నేను ఆలోచిస్తుండగానే "అరవై. ఏడో తరగతిలోనూ నీకు ఇదే ఆలస్యం" అన్నాడు. అంటే గురుడూ శనీ ఇద్దరూ నేను పుట్టినప్పుడు ఉన్న ఇళ్ళ దగ్గరికి ఇంచుమించు మళ్ళీ వచ్చేశారన్నమాట. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయే రావాలి.

ముహూర్తం దగ్గర మొదటి గొడవ ఇదే. తిథి, నక్షత్రం చూసి పురోహితుడుగారు చెప్పిన రోజు వారం మధ్యలో పడింది. "శనివారానికి జరపకూడదా నాన్నా?" అన్నాడు వాడు ఫోన్లో. "తిథిని జరపడమేమిట్రా, అదేమైనా టీమ్ మీటింగా?" అన్నాను. చివరికి పురోహితుడుగారే మెట్టు దిగి, హోమమూ ముఖ్యమైన తంతూ తిథినాడు ఇంట్లో కానిచ్చి, భోజనాలూ బంధువులూ శనివారం హాల్లో పెట్టుకోమన్నారు. అప్పుడే ఇంకోమాట కూడా చెప్పారు: "నిజానికి యాభై తొమ్మిది నిండి అరవై పడినప్పుడు ఉగ్రరథ శాంతి చేయించాలండి. మీరు చేయించలేదు కదా! ఫరవాలేదు, రెండూ కలిపి లాగించేద్దాం." డెబ్బైలో భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూశాక సహస్ర చంద్ర దర్శనం కూడా ఉన్నాయని, ముందే చెబుతున్నానని అన్నారు. వెయ్యి పున్నములంటే ఇంచుమించు ఎనభై ఏళ్ళ పది నెలలు. మా పురోహితుడుగారికి ఇప్పుడు డెబ్బై రెండు. ఆయన ధైర్యం నాకు నచ్చింది.

షష్టిపూర్తిలో మగవాడు చేసేది ఏమీ లేదు. కూర్చోమన్నచోట కూర్చోవాలి, పొయ్యమన్నప్పుడు నెయ్యి పొయ్యాలి, "మమ" అనాలి. పొద్దున్నే తలంటు. ఇదైనా హాయిగా ఉంటుందనుకుంటే, మా మేనత్త వచ్చి నలుగుపిండితో నా వీపు తోమింది. ఎనభై రెండేళ్ళ చేతుల్లో అంత బలం ఎక్కడిదో నాకు తెలీదు. తర్వాత బుగ్గచుక్క, బాసికం. మా మనవడికి ఐదేళ్ళు, వాడు నన్ను చూసి, "తాతయ్యకి పెళ్ళా? ఎవరితో?" అని హాలు మధ్యలో నిలబడి అడిగాడు. అందరూ నవ్వారు గానీ మా ఆవిడ మాత్రం జవాబు నా నోట వినాలన్నట్టు నిలబడింది.

మంగళసూత్రం మళ్ళీ కట్టాలి కాబట్టి కొత్త సూత్రాలు చేయించాలన్నారు. మా పెళ్ళయిన 1992లో పది గ్రాముల బంగారం నాలుగు వేల చిల్లర. 2025 అక్టోబరులో లక్షా ఇరవై వేలు దాటింది. కంసాలి దగ్గర కూర్చుని నేను లెక్క వేస్తుంటే, "మీకు వయసు పెరిగితే నాకు విలువ పెరిగింది చూశారా" అంది ఆవిడ. దీనికి ఎదురు చెప్పే దమ్ము నాకు లేదు, రేటు ఆవిడ పక్షాన ఉంది.

హోమం అయ్యాక కలశ స్నానం. మా ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి నెత్తిన జల్లెడ పట్టి, కలశాల్లో నీళ్ళు అందులోంచి పోశారు. ఒక్కొక్క బంధువూ ఒక్కొక్క కలశం. ఈ పనికి మాత్రం ఎవర్నీ బతిమాలాల్సిన అవసరం రాలేదు, వరస కట్టారు. ముఖ్యంగా మా బావమరిది. ముప్పై మూడేళ్ళుగా దాచుకున్నదంతా ఆ ఒక్క చెంబులో పోశాడు. మనవడు "తాతయ్యకి షవరు" అని గంతులేశాడు.

ఆ తర్వాత నేను బాగా ఎదురుచూసిన తంతు. కంచు గిన్నెలో నెయ్యి పోసి, అందులో మన మొహం మనం చూసుకుని, ఆ గిన్నెతో సహా దానం ఇచ్చేయాలి. మొహంలో ఉన్న దోషాలన్నీ దానితో పోతాయట. గిన్నె నా ముందు పెట్టారు. "మొహం కనపడుతోందా అండీ?" అన్నారు పురోహితుడుగారు. చూశాను. మంచి గేదె నెయ్యి, తెల్లవారుజాము చలికి పూసపూసగా పేరుకుని ఉంది. దాంట్లో నేను కాదు గదా, సాక్షాత్తూ బ్రహ్మదేవుడొచ్చినా తన నాలుగు మొహాల్లో ఒకటి కూడా చూసుకోలేడు. "లేదండీ" అన్నాను. గిన్నె వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళింది, కరిగి వచ్చింది. వంగి చూశాను. ఈసారి ఫోటోగ్రాఫరు నా భుజం మీంచి వంగాడు. గిన్నెలో వాడి మొహమూ, వాడి లైటూ కనిపించాయి. "సార్, కొంచెం నవ్వండి" అన్నాడు గిన్నెలోంచే. దానం ఇచ్చేశాం. వాడి దోషాలు ఎన్ని పోయాయో వాడికే తెలియాలి.

దశ దానాల్లో గోవు, భూమి, బంగారం లాంటివి మన తాహతుని బట్టి ఏదో ఒక రూపంలో సర్దుతారు. నన్ను ఆలోచనలో పడేసినవి మాత్రం మిగిలినవాటిలో మూడు: ఉప్పు, బెల్లం, నెయ్యి. సరిగ్గా మా డాక్టరుగారు బీపీ, షుగరు, కొలెస్టరాలు అని మూడు కాగితాల మీద రాసిచ్చి మానెయ్యమన్నవి. ఆయన ప్రతి నెలా ఫీజు తీసుకుని చెప్పిన మాటని మన ఋషులు ఒక్క పూటలో, అదీ దానం అన్న గౌరవంతో చేయించేశారు. ఆ దానం అయిన గంటకి పనసపొట్టు కూర, గారెలు, ఆత్రేయపురం పూతరేకులు వడ్డించారు. నా విస్తట్లో మాత్రం మా అమ్మాయి సగం గారె పెట్టి, మిగతా సగం తను తింది. పెళ్ళికొడుకు విస్తట్లో సగం గారె పెట్టిన పెళ్ళి నాకు తెలిసి ఇదే.

శనివారం హాల్లో కేకు. ఆరు, సున్నా ఆకారంలో కొవ్వొత్తులు. "దీపం ఊదటమేమిట్రా, శుభమా అని పండగ చేసుకుంటూ?" అని మా మేనత్త అడ్డుపడింది. మా అబ్బాయి రాజీ చేశాడు. కొవ్వొత్తులు వెలిగించి, ఊదకుండా పక్కన పెట్టి కేకు కోశాం. అవి వాటంతటవే కరిగిపోయేదాకా అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆరు ముందు కొండెక్కింది. సున్నా చాలాసేపు వెలిగింది.

ఇక స్నేహితుల సంగతి. చెవి అందిన బ్యాచిలో ఇప్పటికీ ఒకరినొకరు "ఒరే" అనుకునేవాళ్ళం నలుగురం. బ్యాంకువాడు, లెక్కల మేష్టారు, రొయ్యల చెరువులవాడు, నేను. అందరికీ ఒకే ఏడు అరవై నిండింది కాబట్టి నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలని తీర్మానం. మొదట థాయ్‌లాండ్ అన్నారు. మేష్టారి పాస్‌పోర్టు గడువు తీరిపోయి ఉండటంతో దేశం దాటలేదు. తర్వాత గోవా. వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ మా లైన్లోంచే పోతుంది కదా అని కంప్యూటరు ముందు కూర్చున్నాం. అక్కడ తెలిసింది అసలు సంగతి. సీనియర్ల కోటాలో లోయర్ బెర్తు కావాలంటే ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. మేం స్నేహం కొద్దీ నలుగురం ఒకే టికెట్టు మీద వేశాం. రెండు అప్పర్లు, రెండు మిడిళ్ళు వచ్చాయి. బెర్తుల పేర్లు చదవగానే నాలుగు జతల మోకాళ్ళు ఒక్కసారిగా ఎదురుతిరిగాయి. విడివిడిగా మళ్ళీ బుక్ చేద్దామనేసరికి రైలంతా వెయిటింగ్ లిస్టు. మా గోవా ప్రయాణం ఎక్కడ ఆగిందంటే అప్పర్ బెర్తు దగ్గర.

మిగిలింది అరకు. పగటి రైలు, కూర్చుని పోవచ్చు, బొంగు చికెన్ ఉంది. ఆ చికెన్ దగ్గరే మళ్ళీ చిక్కు. అక్టోబరు 22 నుంచి కార్తీకం, నలుగురిళ్ళలోనూ నీచు లేదు. నవంబరు 21 పోలి పాడ్యమి వెళ్ళాక బయల్దేరదామన్నారు. కానీ బ్యాంకువాడికి శనివారం వెంకటేశ్వరస్వామి, మేష్టారికి సోమవారం శివుడు, నాకు గురువారం సాయిబాబా. రొయ్యల చెరువులవాడు మంగళవారం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాడు. ఏడాది పొడుగునా లక్షల రొయ్యల్ని పెంచి అమ్మే మనిషి మంగళవారం గుడ్డు కూడా ముట్టడు. నలుగురూ కలిసి కోడిని తినగలిగిన రోజులు వారంలో మూడే మిగిలాయి. ఆదివారం అరకులో జనం. సరే, బుధవారం అన్నాం. బుధవారం సుబ్బారాయుడి షష్ఠి అని మా ఆవిడ గోడ మీద క్యాలెండరు చూపించింది. అలా శుక్రవారం తేలింది. గురుడూ శనీ ఇద్దరూ పాత ఇళ్ళ దగ్గరికి తిరిగి రావడానికి అరవయ్యేళ్ళు పట్టిందంటే ఎందుకు పట్టదు?

గురువారం రాత్రి విశాఖపట్నంలో లాడ్జి. గురకల సంగతి రాయను, అందులో నాదీ ఉంది. తెల్లారేసరికి కిరండూల్ రైల్లో ఉన్నాం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైన్లో 58 సొరంగాలంటారు. సొరంగం రాగానే పెట్టెలో కుర్రాళ్ళంతా కేకలు పెడతారు, అదొక ఆచారం. మొదటి రెండు సొరంగాలూ మేం పెద్దమనుషుల్లా కూర్చున్నాం. మూడో సొరంగంలో చీకటి పడగానే ఎవరో రెండు వేళ్ళు నోట్లో పెట్టి చెవులు చిల్లులు పడేలా ఈల వేశారు. వెలుతురు వచ్చేసరికి మేష్టారు కిటికీలోంచి కొండల్ని చూస్తున్నాడు. ముప్పై ఐదేళ్ళుగా ఈల వేసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి! ఆ తర్వాత సొరంగాల్లో ఎవరు ఎన్ని కేకలు వేశారో చెప్పను. ఎదురు సీట్లో కాలేజీ కుర్రాళ్ళు మాత్రం కాసేపటికి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.

టిఫిను ముందు నలుగురి డబ్బాలూ బయటికొచ్చాయి. ఇడ్లీ డబ్బాలు కావు, మాత్రల డబ్బాలు. బ్యాంకువాడిది సోమ, మంగళ అని గడులున్నది. రొయ్యలవాడు షుగరు మిషను తీసి వేలు గుచ్చుకుని, "నూట నలభై. నీది చూడు" అని పక్కవాడికి అందించాడు. చిన్నప్పుడు గోళీలు ఇలాగే చేతులు మార్చుకునేవాళ్ళం, ఎవడిది ఎక్కువో పోటీ కూడా అలాగే ఉండేది.

బొర్రా గుహల్లో దిగడం తేలిక, ఎక్కడమే కష్టం. తడి మెట్లు, పైన గబ్బిలాలు, ఎక్కడో శివలింగం. సగం మెట్లు ఎక్కాక బ్యాంకువాడు ఆగి, ఆ సున్నపురాతి ఊడలు వేల ఏళ్ళుగా బొట్టు బొట్టుగా పేరుకున్నాయని మాకు విపులంగా చెప్పాడు. వాడికి భూగర్భశాస్త్రం మీద ఉన్న ఆసక్తి ప్రతి పది మెట్లకీ పెరిగింది. మేం కూడా శ్రద్ధగా విన్నాం.

మధ్యాహ్నం బొంగు చికెన్. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క వెయ్యరు. నూనె లేదన్న మాట వినగానే నలుగురికీ తలో డాక్టరూ అనుమతి ఇచ్చినట్టే అనిపించి, ఇంకో బొంగు చెప్పాం. పైన పంచదార లేని అరకు కాఫీ తాగి మనస్సాక్షిని శుభ్రం చేసుకున్నాం.

సాయంత్రం ధింసా. గిరిజన స్త్రీలు ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు కలుపుకుని, వలయంగా తిరుగుతూ అడుగులు వేస్తుంటే, వచ్చినవాళ్ళని కూడా లాక్కుంటారు. రొయ్యలవాడు దూకాడు. వాడి పక్కనున్నావిడ, "తాతా, అడుగు ఇటు" అంది. వాడు ఆగి, ఆ మాట ఎవర్నన్నదో అని వెనక్కి తిరిగి మా ముగ్గుర్నీ చూశాడు. మేం ముగ్గురం డోలు వాయించేవాడి వంక చూశాం.

వాడికి పగ తీర్చుకునే అవకాశం తిరుగు ప్రయాణంలో దొరికింది. బస్సులో పాతిక శాతం తగ్గింపుకి ఆధార్ చూపించాం. కండక్టరు కుర్రాడు ముగ్గురి కార్డులూ చూసి టికెట్లు కొట్టాడు. రొయ్యలవాడు కార్డు ఇంటి దగ్గర మర్చిపోయాడు. వాడి జుట్టు కాటుకలా ఉంటుంది, నెలకి రెండుసార్లు రంగు వేస్తాడు. "మీకు అరవై అంటే ఎవరు నమ్ముతారు సార్?" అన్నాడు కండక్టరు. వాడు ఫుల్ టికెట్టు తీసుకుని, చిల్లర కూడా ఉంచుకోమన్నాడు. విశాఖపట్నం చేరేదాకా ఆ టికెట్టు జేబులో పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఇక పరాభవలో, అంటే 1966 ఉగాది నుంచి 1967 ఉగాది లోపల పుట్టినవాళ్ళకి నా మనవి. మీ సంవత్సరం 2026 మార్చి 19న మొదలవుతుంది. అందులో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, శుభకార్యాలు పెట్టుకోరు. మీలో కొందరు అధిక శ్రావణంలో పుట్టి ఉంటారు, 1966లో అది వచ్చింది; మీ తిథి ఈసారి మామూలు శ్రావణంలోనే చూడమని పురోహితుడికి గుర్తుచేయండి. హాలుకి అడ్వాన్సు ఇచ్చేముందు అమెరికాలో ఉన్న పిల్లల సెలవు కనుక్కోండి. పురోహితుడు దొరుకుతాడు, వంటవాళ్ళు దొరుకుతారు, ఆ సెలవే దొరకదు. నెయ్యి మాత్రం పొద్దున్నే కరిగించి ఉంచుకోండి.